ఈక మెరిస్తే

మా ల్యాబులో కొత్తగా చేరేవాళ్లను మేడమ్ మొదటిరోజు అడిగే ప్రశ్న ఒకటే. "ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?" పంజరంలో చిలుక ఉందన్నా సరే, దాన్ని ఎవరికైనా ఇచ్చేసి రమ్మంటారు. నన్నడిగినప్పుడు లేవన్నాను. అప్పటికి అది నిజమే. అక్క కోళ్ల షెడ్డు పెట్టింది ఆ తరవాత. పెట్టగానే ఆ సంగతి కూడా మేడమ్‌తో చెప్పాను.

"అయితే నువ్వు అటువైపు వెళ్లకు. తప్పనిసరైతే ముందు నాకు చెప్పు. మన గదుల్లోకి రావడం మానేసి, వారం ఆగి, అప్పుడు వెళ్లు" అన్నారు.

సరేనన్నాను. అక్కతో మాత్రం ఈ మాట చెప్పలేదు. కుట్టు మిషను అమ్మేసి, ఎవరో వదిలేసిన పాత కోళ్ల షెడ్డు అద్దెకు తీసుకుని, "ఎప్పుడొచ్చి చూస్తావే?" అని రోజూ ఫోన్ చేసే మనిషితో నేను రాకూడదని ఎలా చెప్పను? పని ఎక్కువగా ఉందని నెట్టుకొచ్చాను.

మేము పనిచేసేది కోళ్లకు వచ్చే ఒక హెర్పిస్ జబ్బు మీద. దాని పేరు మారెక్స్. మనుషులకు పెదవి మీద పొక్కులు తెప్పించే వైరస్‌కి ఇది దూరపు చుట్టం. మన జోలికి రాదు కానీ కోడి ఒంట్లో చేరిందంటే ఇక జన్మకి వదలదు. ఈకల కుదుళ్లలో మకాం పెట్టి, అక్కడినుంచి చుండులా రాలి, దుమ్ములో కలిసి, ఆ దుమ్ము పీల్చిన ప్రతి కోడినీ పట్టుకుంటుంది. నెలల తరబడి ఆ దుమ్ములోనే బతికి ఉంటుంది. మేడమ్ ఆ వైరస్‌కి ఆకుపచ్చగా వెలిగే ఒక ప్రోటీన్ తగిలించారు. మేము రోగం అంటించిన కోడి రెక్కలోంచి అప్పుడే మొలుస్తున్న ఈక ఒకటి పీకి, నీలం లైటు వేసి, పసుపు కళ్లద్దాల్లోంచి చూస్తే ఈక మొదలు దగ్గర పచ్చగా వెలుగుతుంది. కోడిని చంపి కోయనక్కరలేదు. వైరస్ ఎంతదాకా పాకిందో కళ్లెదుటే కనిపిస్తుంది.

నా ఉద్యోగం ఆ ఈకలు పీకడం, చూడడం, ఫొటోలు తీయడం. బావ నన్ను కోళ్ల డాక్టరమ్మా అని పిలిచేవాడు. నేను డాక్టర్ని కాను బావా అంటే, "మరి మా మరదలిది ఈకలు పీకే ఉద్యోగమని చెప్పుకోమంటావా నలుగురిలో?" అని నవ్వేవాడు. అక్క మాత్రం ఆ మాటను వేళాకోళంగా తీసుకోలేదు. చెల్లెలు అంత పెద్ద ల్యాబులో కోళ్ల రోగాల మీదే పనిచేస్తోంది కదా, ఇంక మనకేం భయం అన్న ధీమాతోనే సగం ఆ షెడ్డు పెట్టింది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను కోళ్ల గదిలోంచి బయటికొచ్చేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. బావ షెడ్డు కప్పు మీద గడ్డి పరుస్తూ జారి పడ్డాడట. మణికట్టు విరిగింది. ఆస్పత్రికి ఎవరో తీసుకెళ్లారు. కరెంటు పోయి షెడ్డులో ఫ్యాన్లు ఆగిపోయాయి. కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి.

"నేనొక్కదాన్నే ఉన్నానే. చచ్చిపోయేలా ఉన్నాయి. ఎలాగైనా రావే" అంది అక్క. ఏడుస్తోంది.

మా గదుల్లోంచి బయటికొచ్చేటప్పుడు స్నానం చేసి రావాలి. తలతో సహా. ఆ రోజు ఒళ్లు కడుక్కున్నాను కానీ తల తడపలేదు. తడిస్తే ఆరేదాకా ఆలస్యమవుతుందనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో ఇప్పుడు చెప్పలేను. మేడమ్‌కి ఫోన్ చేయలేదు. చేస్తే వద్దంటారని తెలుసు. కోళ్ల గది దుమ్ము నిండిన తలతో, జడ అలాగే ముడేసుకుని బస్సెక్కాను.

సాయంత్రందాకా ఇద్దరం కోళ్లను చంకల్లో పెట్టుకుని షెడ్డులో చల్లగా ఉన్న సగంలోకి చేరవేశాం. గోనెసంచులు తడిపి కిటికీలకు కట్టాం. ఒక్కటంటే ఒక్కటి కూడా చావలేదు. పని అయ్యాక అక్క నా జడమీద అంటుకున్న ఊక ఏరుతూ, "నువ్వు రాకపోతే ఏమైపోయేదాన్నే?" అంది. ఇంకో రెండు నెలల్లో గుడ్లు మొదలవుతాయట. అవి మొదలైతే చాలట, బావ కూడా ఊళ్లు తిరిగే ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటాడట. నేను తల ఊపుతున్నానే గానీ నా జడలో కదులుతున్న ఆమె వేళ్ల మీదే నా ప్రాణమంతా ఉంది.

ఆ తరవాత కొన్ని వారాలు ఫోన్ మోగితే చాలు, కోడి చచ్చిందన్న కబురే అనుకునేదాన్ని. అక్క ఏవో కబుర్లు చెప్పేది. ఫలానా పెట్ట మిగతావాటిని పొడుస్తోందని, బావ కట్టు కట్టిన చేత్తో మేత వేస్తానని మొరాయిస్తున్నాడని. కోళ్లు బాగున్నాయి అనగానే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇంక ఏమీ కాదులే అని మెల్లగా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఒక కోడి నడవలేకపోతోందే" అంది ఒకరోజు.

ఈసారి వారం ఆగాలన్న రూలు తప్పలేదు. ఇంట్లో పనుందని మేడమ్‌కి చెప్పి, సెలవు పెట్టి, వారంపాటు రోజూ తలంటుకుని అప్పుడు వెళ్లాను. షెడ్డు మూలన ఆ కోడి పడుకుని ఉంది. ఒక కాలు ముందుకి చాపింది, ఒకటి వెనక్కి. కళ్లు చురుగ్గానే ఉన్నాయి. మేత డబ్బా దగ్గరికి వెళ్లాలని రెక్కలతో నేలమీద ఒళ్లు ఈడుస్తోంది.

చూడగానే తెలిసిపోయింది. మా గదుల్లో కోళ్లన్నీ ఇలాగే పడతాయి. ఆ కాళ్ల తీరు నిద్రలో లేపి చూపించినా గుర్తుపడతాను.

"తిమ్మిరా?" అన్నాడు బావ. "ఏం డాక్టరమ్మా, చెప్పవేం?"

మారెక్స్ అంటే ఎక్కడినుంచి వచ్చిందంటారు. ఎక్కడినుంచి వచ్చిందంటే ఆ రోజు నా తల గుర్తొస్తుంది. అది మా వైరస్సే అయితే, ల్యాబులో తయారైంది ల్యాబు దాటి బయటికొచ్చిందంటే, నా ఉద్యోగం ఒక్కటే కాదు, మేడమ్ ఇన్నేళ్ల పని మొత్తం మూతపడుతుంది. ఇవన్నీ నేను ఆలోచించి తేల్చుకున్నవి కావు. ఒక్క క్షణంలో నోటికొచ్చిన మాట అనేశాను.

"విటమిన్ లోపం" అన్నాను. విటమిన్ తగ్గినా కాళ్లు పడిపోతాయి. ఎవర్ని అడిగినా తప్పని అనలేని మాట. "నీళ్లలో కలిపి పోయండి. దీన్ని వేరుగా ఉంచండి."

అక్క ముఖం తేటపడింది. "చూశారా, నేను చెప్పలేదూ? మీరేమో పశువుల డాక్టర్ని పిలుద్దామంటారు. ఇంట్లో మనిషుండగా బయటివాళ్లెందుకు?" అంది బావతో.

పోనీ పిలవండని ఒక్క మాట అనలేదు నేను. టీ ఇస్తే తాగాను.

ఆ వారం చివర్లోనే కొత్త పిల్లలు రావాల్సి ఉంది. షెడ్డులో ఖాళీగా ఉన్న సగంలో అక్క వాటికి చోటు సిద్ధం చేసింది. మొదటి పిల్లలకు టీకా వేశామని, గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే హేచరీవాడు నోటిమాటగా చెప్పి పంపాడు. ఈసారి అలా కాదు. అక్క స్వయంగా వెళ్లి, పక్కన నిలబడి వేయించుకుని వస్తుందట. నేనే ఒకప్పుడు చెప్పాను టీకా కళ్లారా చూసుకోవాలని. కానీ ఆ టీకా ఒంట పట్టేదాకా ఓ వారమైనా పిల్లలు శుభ్రమైన చోట ఉండాలి. ఆ షెడ్డు దుమ్ములో కాదు.

"ఇంకొన్నాళ్లు ఆగకూడదా అక్కా?" అన్నాను.

"ఎందుకే?"

"ఏం లేదు, ఎండలు కదా."

"ఎండలకి ఆగితే వానలంటావు, వానలకి ఆగితే చలంటావు. బయానా ఇచ్చేశాం, గుడ్లు పొదగేశారు కూడానూ" అంది నవ్వుతూ. అంతే. అంతకుమించి నేను పట్టుబట్టలేదు. పట్టుబట్టాలంటే కారణం చెప్పాలి.

పిల్లలు అట్టపెట్టెల్లో వచ్చాయి. కిచకిచలతో షెడ్డంతా నిండిపోయింది. అక్క ఒక పిల్లను తీసి నా అరచేతిలో పెట్టింది. గోరువెచ్చగా ఉంది, బరువే లేదు. దాన్ని ఎక్కడైనా దాచేసి పారిపోవాలనిపించింది. "ఎలా ఉన్నాయి?" అంది అక్క. బాగున్నాయన్నాను. ఆమె పిల్లల్ని ఒక్కొక్కటిగా ఊక మీద వదులుతుంటే, వాటి కాళ్ల కింద లేచిన సన్నటి దుమ్ము ఎండ పడిన చోట తేలుతూ కనిపించింది. చూస్తూ నిలబడ్డాను.

నా ఊరికి తిరిగొచ్చేశాక నిద్ర సరిగా పట్టింది లేదు. విటమిన్ పోస్తున్నామని, ఇంకో రెండు పడిపోయాయని, మందు డబ్బా మార్చమంటావా అని అక్క ఫోన్లు. మార్చు, ఎక్కువ కలుపు, ఓపిక పట్టు అంటూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ల్యాబులో ఒక్కొక్క ఈక లైటు కింద పచ్చగా వెలుగుతుంటే, అక్క కోళ్లవి కూడా ఇలాగే వెలుగుతాయా అనిపించేది. తెలుసుకోవడం చాలా సులువు. చిన్న లైటు ఒకటుంది, చేతిసంచిలో పట్టేస్తుంది. ఆ సులువైన పని చేయడానికే ధైర్యం చాలలేదు. చూడనంతకాలం కాకపోవచ్చు కదా అన్న ఆశ ఉంటుంది.

కొత్త పిల్లల్లో కూడా నలతగా ఉన్నవి కనబడుతున్నాయని బావ ఫోన్ చేసిన రోజు ఇంక ఆగలేకపోయాను. ఆయన ఎప్పుడూ నాకు ఫోన్ చేయడు. "అమ్మా, నువ్వొకసారి వచ్చి చూడు. మీ అక్క తిండి మానేసింది" అన్నాడు. డాక్టరమ్మా అనలేదు.

మళ్లీ సెలవు పెట్టాను. లైటు, కళ్లద్దాలు సంచిలో వేసుకున్నాను.

షెడ్డు పక్కనున్న మేత గది కిటికీకి గోనెసంచి కట్టి చీకటి చేశాను. నడి మధ్యాహ్నం, లోపల ఉడికిపోతోంది. అక్క ఒక కోడిని ఒళ్లో పెట్టుకుని మేత బస్తా మీద కూర్చుంది. మనిషి సగమైపోయింది.

"ఏం చూస్తావే దీంతో?"

"రోగం సంగతి తెలుస్తుంది."

రెక్క విప్పి, లేత ఈక ఒకటి చూసి పీకాను. కోడి ఒక్కసారి గింజుకుంది. అక్క దాన్ని నిమిరింది. లైటు వేశాను. మెరవకూడదు, మెరవకూడదు అని లోలోపల వెయ్యిసార్లు అనుకుంటున్నాను. కోడి బతకాలని అనుకోలేదు. ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఈక మెరవలేదు. మట్టిరంగులో అలాగే ఉంది.

ఇంకో ఈక పీకాను. ఇంకో కోడిని తెమ్మన్నాను, మరొకదాన్ని. పెద్దవాటివి చూశాను, పిల్లలవి చూశాను. దేంట్లోనూ పచ్చదనం లేదు. మాది కాదు. నా తలలోంచి రాలింది కాదు. అంతకు ముందు ఆ షెడ్డులో ఎవరో పెంచిన కోళ్ల దుమ్ములోనే ఉండి ఉంటుంది, గోడ పగుళ్లలో, కప్పు సందుల్లో. కళ్లద్దాలు తీసేశాను. నెలన్నరగా గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టనిపించింది. ఒళ్లంతా తేలికైపోయి నవ్వొచ్చేసింది. పైకే నవ్వాను.

"ఏంటే? మంచిదేనా?" అక్క చటుక్కున లేచింది.

"ఆఁ" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

"అయితే బతుకుతాయా?"

ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. చంకలో కోడి, చెమట పట్టిన ముఖం, ఆ ముఖం నిండా ఆశ. నా నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయడం చేతకాలేదు.

"లేదక్కా."

"మరి ఎందుకు నవ్వావు?"

చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. మేడమ్ పెట్టిన రూలు, ఆ రోజు తడపని తల, బస్సు, మా ఈకల్లో వెలిగే పచ్చ వైరస్, అది ఇక్కడికి తెచ్చానేమోనన్న భయం. అయిపోయాక అక్క అడిగింది.

"అంటే ఇది నువ్వు తెచ్చింది కాదు."

"కాదు."

"నేను ఏడుస్తుంటే నువ్వు పరిగెత్తుకొచ్చావు. తల తడపలేదు, మర్చిపోయావు. ఇది నిజంగా నువ్వు తెచ్చిందే అయినా నేను నిన్ను ఏమీ అనేదాన్ని కాదే." గొంతులో కోపం లేదు. "ఇదేం రోగమో నీకెప్పుడు తెలుసు?"

అబద్ధం ఆడొచ్చు. ఇప్పుడే తెలిసిందని అనొచ్చు, లైటు చేతిలోనే ఉంది.

"మొదటి కోడి పడ్డరోజే" అన్నాను.

"పిల్లలు రాకముందు."

"ఊఁ."

"అప్పుడే చెప్పుంటే?"

"పిల్లల్ని ఇందులోకి తెచ్చేవాళ్లం కాదు. హేచరీవాళ్లని బతిమాలి వేరేచోట దింపుకునేవాళ్లం. ఇది ఖాళీ చేసి, కడిగి, సున్నం కొట్టి..."

ఇంక చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది. అక్క ఏడవలేదు. చంకలో కోడి వంక చూస్తూ, "విటమిన్ అన్నావు. పొద్దునా సాయంత్రం దగ్గర కూర్చుని మరీ తాగించానే వీటికి" అంది. కిటికీకి కట్టిన గోనెసంచి విప్పేసి, కోడిని తీసుకుని షెడ్డులోకి వెళ్లిపోయింది.

ల్యాబుకి వెళ్లి మేడమ్‌కి కూడా చెప్పాను. ఆవిడ ముందు ముఖం పాలిపోయి, "ఈకలు చూశావా?" అన్నారు. చూశాను, మెరవలేదన్నాను. "అమ్మయ్య" అంటూ కుర్చీలో వెనక్కి వాలారు. మేత గదిలో నా ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకప్పుడు తెలిసింది. నన్ను కోళ్ల గదుల్లోకి ఇంక రావద్దని, ఫొటోలు చూసే పనిలో వేశారు. తిట్టారు కూడా. ఆ తిట్లు నాకు చాలలేదు.

పెద్ద కోళ్లను బతికించుకోలేకపోయాం. పడిపోయినవాటిని పడిపోయినట్టు పాతిపెట్టాం. పిల్లల్లో టీకా పట్టినవి కొన్ని నిలబడ్డాయి, చాలావరకు పోయాయి. నేను ప్రతి సెలవురోజూ వెళ్లి పనిచేశాను. ఊక ఎత్తాం, కప్పు దులిపాం, గోడలు కడిగాం. బావ కట్టు విప్పిన చేత్తో సున్నం కొడుతూ నన్ను ఏమ్మా అని పిలిచేవాడు, మర్యాదగా, బయటివాళ్లని పిలిచినట్టు. అక్క నాతో మాట్లాడేది. బకెట్ ఇలా ఇవ్వు, ఆ మూల చూడు, తిని వెళ్లు అనేది. పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఒకరోజు ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు, "అక్కా, నన్ను తిట్టవేం?" అని అడిగాను. "తిడితే అయిపోతుందనుకుంటావు" అంది. లేచి వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యే రోజుల్లో, షెడ్డు ఇంకా ఖాళీగానే ఉండగా, పక్క వీధిలో కోళ్లు పెంచే ఆవిడ గంపలో ఒక పెట్టను పెట్టుకుని అక్కావాళ్ల గుమ్మంలోకి వచ్చింది. కొంగుతో తల తుడుచుకుంటూ, "మీ చెల్లెలు కోళ్ల డాక్టరంట కదమ్మా. ఇది రెండు రోజులుగా లేవడం లేదు. ఇంకా చాలా ఉన్నాయి మా దగ్గర. కొంచెం చూడమంటావా?" అంది.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. అక్క కాదంటుందనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అక్క గంప అందుకుని వరండాలో పెట్టింది. నన్ను పిలిచింది.

"చూసి చెప్పు."

కోడిని బయటికి తీశాను. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి. అక్క నా ఎదురుగా నేలమీద కూర్చుంది. కోడి వంక చూడలేదు. నా ముఖం వంకే చూస్తోంది, రెప్ప వేయకుండా.

"ఇది మారెక్స్. దీనికి మందు లేదు" అన్నాను. "మిగతావాటికి ఇప్పటికే సోకి ఉంటుంది. కొన్ని నిలబడొచ్చు, ఎన్నో చెప్పలేను. షెడ్డు ఖాళీ చేసి శుభ్రం చేసేదాకా కొత్త పిల్లల్ని మాత్రం తేకండి."

ఆవిడ నావంక చూసి, నమ్మలేనట్టు అక్కవైపు తిరిగింది.

"విటమిన్లు తగ్గినా ఇలాగే అవుతుందంటున్నారు కదమ్మా? ఇది ఖాయమేనంటావా?"

అక్క ఇంకాసేపు నా ముఖంలోకి చూసింది.

"ఈసారి నిజమే చెబుతోంది" అంది.